కంఠవ్యాధియు, శివసేవయు

మానవ శరీరమందు కంఠమునకు గల స్థానము విశిష్టమైనది. ప్రాణవాయువు ఆ మార్గముననే లోనికి పోవును. అన్నము ఆ మార్గముననే దిగును. వాక్కు అచటనే జనించును. తల్లి బిడ్డను పిలుచుట, భక్తుడు భగవన్నామమును కీర్తించుట, గురువు శిష్యునకు మంత్రము నుపదేశించుట, ఇవి యన్నియు ఆ కొద్దిపాటి చోటి నాశ్రయించి యున్నవి. కావుననే అచట ఘోరవ్యాధి కలిగినపుడు మనుష్యుడు ఒక అవయవమును మాత్రమే కాక శ్వాసను, ఆహారమును, మాటను ఏకకాలమున కోల్పోవు స్థితికి వచ్చును. నోటికి, నాలుకకు, దవడకు, గొంతుకు, స్వరపేటికకు వచ్చు క్యాన్సరును గూర్చి పరిశోధన సాగించుచు, శస్త్రచికిత్స నభ్యసించుచున్న యువవైద్యుడు నిత్యము చూచునది ఈ స్థితినే. అతడు చేయునది కేవలము శాస్త్రవ్యాసంగమా, లేక అది ఉపాసన కూడ కాగలదా? ఈ ప్రశ్నకు సమాధానము కోరువారు కలకత్తా నగరమున 1885, 1886 సంవత్సరములలో జరిగిన ఒక చికిత్సా వృత్తాంతమును స్మరింపవలసి యున్నది.

1885వ సంవత్సరపు వేసవిలో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులకు గొంతునొప్పి యారంభమయ్యెను. ఎడతెగక మాటలాడువారికి, మతబోధకులకు సామాన్యముగ వచ్చు గొంతునొప్పియే యని తొలుత వైద్యులు తలచిరి. మాటలు తగ్గింపుడని చెప్పిరి. కాని భగవద్విషయము విన గోరి వచ్చినవారిని వట్టిచేతులతో పంపుట ఆయనకు సాధ్యము కాలేదు. నొప్పి పెరిగెను, మింగుట కష్టమయ్యెను, కొన్ని నెలలకు కంఠమునుండి రక్తము పడెను. అంతట భక్తులు భయపడి, చికిత్స నిమిత్తము ఆయనను నగరమునకు తోడ్కొనివచ్చిరి. బాగ్‌బజారులోని బలరామ బోసు గృహమున కొలది దినములుండిరి. అచట గంగాప్రసాద సేనుడను ప్రసిద్ధ కవిరాజు పరీక్షించి, ఇది రోహిణీ వ్యాధి యనియు, నయమగుట దుస్సాధ్య మనియు చెప్పెను. సుశ్రుత సంహితయందు కంఠరోగములలో రోహిణి ఐదు విధములుగ వర్ణింపబడి యున్నది. పాశ్చాత్య వైద్యము నెరిగినవారు దీనిని క్యాన్సరని నిర్ణయించిరి. మన పెద్దలు రాచపుండని పిలిచినది దీనినే.

ఆ కాలమున ఈ వ్యాధి యెదుట వైద్యశాస్త్రపు శక్తి ఎంత? వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన స్వరపేటికను మొదటిసారి సంపూర్ణముగ తొలగించినది 1873లో. శరీరాంతర్భాగములను చూపు ఎక్స్‌కిరణములు 1895లోగాని తెలియలేదు. రేడియము 1898లోగాని బయల్పడలేదు. శ్రీరామకృష్ణులు దేహము చాలించిన మరుసటి యేడే జర్మనీ దేశపు యువరాజునకు ఇట్టి కంఠవ్యాధియే వచ్చెను. ఐరోపా ఖండమందలి మహావైద్యు లెల్లరు ఆయన పడకచుట్టు చేరిరి. వారిలో వారికి వాదములు కలిగెను. కండతునకను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన విర్షో యంతటి విద్వాంసునకు అందు క్యాన్సరు కనబడలేదు. యువరాజు 1888లో మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తి యయ్యెను. కాని తొంబదితొమ్మిది దినములు మాత్రమే రాజ్యము చేసి, ఆ వ్యాధిచేతనే మరణించెను. సామ్రాజ్యాధిపతికి దొరకని నివారణోపాయము శ్యామపుకూరు వీథిలోని అద్దె యింట నున్న నిష్కించనునకు దొరకక పోవుటలో వింత యేమున్నది?

వింత మరియొకచోట నున్నది. అది వైద్యునకును రోగికిని నడుమ ఏర్పడిన బంధమునందున్నది.

1885 అక్టోబరు మొదట శ్రీరామకృష్ణులను శ్యామపుకూరులోని యింటికి చేర్చిన పిమ్మట చికిత్సాభారమును డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ వహించెను. ఆయన 1833లో హౌరా మండలమందలి ఒక పల్లెయందు జన్మించెను. కలకత్తా వైద్యకళాశాలనుండి 1863లో ఎం.డి. పట్టము నందెను, ఆ పట్టమును పొందిన రెండవవాడు ఆయనయే. మొదట హోమియో వైద్యమును తీవ్రముగ ఖండించిన ఆయన, తరువాత తాను చూచిన దానినిబట్టి అభిప్రాయమును మార్చుకొని, 1867లో వైద్యుల సభయందే దానిని బహిరంగముగ ప్రకటించెను. తోటివైద్యులు వెలివేసిరి, రాబడి పోయెను, ఆయన చలింపలేదు. ఆయన అవలంబించిన ఆ పద్ధతి నేటి క్యాన్సరు చికిత్సలో ప్రమాణము కాదు. ఆయననుండి గ్రహింపదగినది పద్ధతి కాదు. తనకు సత్యమని తోచినదానికై నష్టపడుటకు సిద్ధపడిన నిష్ఠ. ఆ నిష్ఠయే 1876లో భారత విజ్ఞానాభివృద్ధి సంఘమును స్థాపింపజేసెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట చంద్రశేఖర వేంకటరామన్ తన పేరిట ప్రసిద్ధమైన కాంతిధర్మమును 1928లో కనుగొన్నది ఆ సంఘపు ప్రయోగశాలయందే.

ఇట్టి శాస్త్రజ్ఞుడు శ్రీరామకృష్ణుల చెంతకు భక్తుడుగ రాలేదు; వైద్యుడుగ వచ్చెను. మొదటిదినమున రుసుము గ్రహించెను. చికిత్సకగు వ్యయమును శిష్యులు తామే చందాలుగ వేసికొని భరించుచున్నారని తెలిసినపిదప మరల రుసుము తీసికొనలేదు. ఆయన నగరమున మిక్కిలి పనిగల వైద్యుడు. అయినను పలుమారులు గంటలకొలది ఆ రోగి యెదుట కూర్చుండి యుండెను. రోగి యితరులతో మాటలాడరాదని శాసించి, తనతో మాత్రము మాటలాడవచ్చునని మినహాయింపు నిచ్చుకొనెను. మనుష్యుని అవతారమని పూజించుట తనకు సమ్మతము కాదని ఆ గదిలోనే నిర్మొగమాటముగ చెప్పెను. నరేంద్రుడు, గిరీశచంద్ర ఘోషు ఆయనతో వాదించిరి. శ్రీరామకృష్ణులు నవ్వుచు వినిరే కాని, విశ్వసింపని వైద్యుని వలదనలేదు. 1885వ సంవత్సరపు దుర్గాపూజా దినములలో వారు సమాధిస్థులై యుండగా డాక్టరు తన యంత్రముతో హృదయమును పరీక్షించెను. తోడి వైద్యుడొకడు తెరచియున్న కంటిని వ్రేలితో తాకి చూచెను. చలనము గానరాలేదు. తన శాస్త్రము దీనిని వివరింపజాలదని సర్కార్ ఒప్పుకొనెను. తెలిసినదానిని తెలిసినదనియు, తెలియనిదానిని తెలియనిదనియు చెప్పుట అల్పమైన సాధన కాదు. శ్రీరామకృష్ణులు సత్యవచనమునే కలియుగమునకు తగిన తపస్సుగ బోధించెడివారు. ఆ తపస్సును చేయువాడు ఏ వేషమున వచ్చినను ఆయనకు ఆత్మీయుడే.

ఇక రోగి యేమి బోధించెను? ఒక పండితుడు, అంతటి యోగి తన మనస్సును వ్యాధిగల చోట నిలిపినచో వ్యాధి తొలగదా యని అడిగెను. భగవంతున కర్పించిన మనస్సును మరల వెనుకకు తీసికొని రక్తమాంసముల పంజరముపై నిలుపుట తనకు సాధ్యము కాదని వారు సమాధానమిచ్చిరి. నరేంద్రుడు మొదలగువారు బలవంతపెట్టగా, కొంచెమైన ఆహారము దిగునట్లు జగన్మాతను ప్రార్థించిరట. ఇన్ని నోళ్లతో తినుచున్నది నీవే గదా యని మాత శిష్యులందరిని చూపగా, సిగ్గుపడి మరల అడుగలేకపోయిరి. ఈ రెండు వృత్తాంతములను విన్న కొందరు, భక్తునకు మందుతో పనిలేదని తలతురు. అది పొరపాటు. శ్రీరామకృష్ణులు వైద్యులను పిలువనిచ్చిరి, నోరు తెరచి చూపిరి, ఇచ్చిన మందు పుచ్చుకొనిరి, పథ్యము పాటించిరి, స్థలము మార్చుటకు అంగీకరించిరి. శ్రీశారదాదేవి ఇరుకైన చోట నివసించుచు, మింగుటకు వీలగునట్లు ఆహారమును పలుచగ వండి వడకట్టి యిచ్చెడిది. దేహమును వైద్యునకు, మనస్సును భగవంతునకు అప్పగించుటయే వారు చూపిన మార్గము. దేహమునకు చేయవలసినదానిని మానుమని వారెన్నడును చెప్పలేదు.

1885 డిసెంబరు 11వ తేదీన వారిని నగరపు ఉత్తరముననున్న కాశీపురపు తోటయింటికి తరలించిరి. అచట జరిగిన ఒక సంఘటన నేటి వైద్యశాలలకు మిక్కిలి ప్రయోజనకరమైనది. ఆ వ్యాధి అంటుకొను నేమో యని సేవకులలో కొందరికి భయము కలిగెను. ఆ భయమును నరేంద్రుడు గమనించెను. గురుదేవులు త్రావగా మిగిలిన జావ, కంఠవ్రణపు స్రావము కలిసియున్న పాత్రతో అచటనుండెను. నరేంద్రుడు ఏమియు మాటలాడక దానిని తీసికొని త్రాగెనని జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఆ పిదప ఎవరును ఆ మాట యెత్తలేదు. నాటి యువకునకు ప్రేమచే తెలిసినదానిని నేడు శాస్త్రము పరీక్షచే చెప్పుచున్నది: నోటి క్యాన్సరు గాని, గొంతు క్యాన్సరు గాని రోగిని తాకుటవలన, అతనితో కూర్చుండి భుజించుటవలన పరులకు అంటదు. అయినను నేటికిని ఎన్నో యిండ్లలో ముఖము వికారమైన రోగికి వేరు కంచము, వేరు మూల కేటాయింపబడుచున్నవి. వ్యాధికంటె ముందు ఏకాంతము వారిని చంపుచున్నది.

కాశీపురమునకు ముందే, 1884లో, దక్షిణేశ్వరమున నరేంద్రుడొక మాట వినియుండెను. జీవులయెడ దయ యను విషయము ప్రసక్తమైనపుడు శ్రీరామకృష్ణులు, దయ చూపుటకు మానవుడెంతవాడని ప్రశ్నించి, చేయవలసినది దయ కాదు, జీవుని శివునిగ నెరిగి చేయు సేవ యని తెలిపిరి. ఆ మాటలోని లోతును నాడు గ్రహించినవాడు నరేంద్రుడొక్కడే. అతడే స్వామి వివేకానందుడై 1897 మే 1వ తేదీన రామకృష్ణ మిషనును స్థాపించెను. స్థాపించినది ఎచట? బాగ్‌బజారులోని బలరామ బోసు గృహముననే. ఏ యింట గంగాప్రసాద సేనుడు గురుదేవుల వ్యాధి నయము కానిదని చెప్పెనో, ఆ యింటనే పండ్రెండు వత్సరములు తిరుగకముందు రోగులయందు నారాయణుని సేవించు సంఘము పుట్టెను. మందు లేని వ్యాధియు వ్యర్థము కాలేదు.

ఆ నగరముననే నేడు తల, మెడ భాగముల క్యాన్సరునకు పెద్దయెత్తున చికిత్సయు, పరిశోధనయు జరుగుచున్నవి. 1950 జనవరి 2వ తేదీన దేశబంధు చిత్తరంజన్ దాసు పేరిట కలకత్తాలో క్యాన్సరు వైద్యశాలను ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించెను. ఆమె రేడియమును కనుగొన్న దంపతుల కుమార్తె. ఆ వైద్యశాలయు, దాని సరసనే పెరిగిన పరిశోధనాలయమును 1987లో ఏకమై చిత్తరంజన్ జాతీయ క్యాన్సరు సంస్థ యయ్యెను. 2022లో న్యూటౌనున దానికి రెండవ ప్రాంగణము ఏర్పడెను. భారతదేశమందు పురుషులకు వచ్చు క్యాన్సరులలో నోటి క్యాన్సరే అగ్రస్థానము వహించుచుండుటచే, ఇట్టి వైద్యశాలల వాకిళ్లలో తెల్లవారకముందే రోగులు బారులు తీరుట నిత్యదృశ్యము.

ఆ బారునకు ఆవలి ప్రక్క నుండు యువవైద్యుని కొంచెము తలపోయవలెను. పగలెల్ల పుండ్లను చూచి, మెడలోని బిళ్లలను తడవి, కండతునకలు తీసి పరీక్షకు పంపును. శస్త్రచికిత్సాగారమున పెద్దల ప్రక్క గంటలకొలది నిలిచి, దవడ యెముకను కోయుటయు, రొమ్ము కండను చర్మముతో పైకి త్రిప్పి చెంపలోని ఖాళీని పూడ్చుటయు నేర్చుకొనును. రాత్రి గొంతుగొట్టములో కఫము నిండి ఊపిరాడని రోగి యొద్దకు పరుగెత్తును. ఆ పిదప మిగిలిన సమయమున తన పరిశోధనా పట్టికలను నింపుకొనును: ఎవరికి ఎన్ని బిళ్లలలో వ్యాధి యున్నది, ఎవరికి మరల వచ్చినది, ఎవరు రెండేండ్లు జీవించిరి. ఒకనాడు పిలిచినపుడు రోగి బదులు కుమారుడు పలికి, తండ్రి గతించెనని చెప్పును. వైద్యుడు పట్టికలో ఒక గడి నింపును. అప్పుడు అతనిని ఒక సందేహము పీడింపక తప్పదు: ‘చనిపోవువారిని లెక్కించుటయా నా విద్య?’

ఈ సందేహము నీచమైనది కాదు. హృదయము బ్రదికియున్నదనుటకు నిదర్శనము. కాని దానిని సరిగా పరిష్కరించుకొననిచో మూడు అపాయములు కలుగును. మొదటిది, మనుష్యుని మరచి కేసును మాత్రమే చూచుట. రెండవది, కష్టపడి చేసిన పని సఫలముగ కనబడవలెనను కోరికచే సత్యమునకు మెరుగు పెట్టుట. మూడవది, ఫలము లేదని నిరాశపడి పనిని విడుచుట. ఈ మూడింటికిని ఔషధము శ్యామపుకూరులోని ఆ గదియందే యున్నది.

మొదటిదానికి ఔషధము ఋణజ్ఞానము. మన శాస్త్రములు ప్రతివాడును ఋషిఋణముతో పుట్టుననియు, విద్యను గ్రహించి వృద్ధిచేయుటచే అది తీరుననియు చెప్పుచున్నవి. శస్త్రవైద్యునకు ఋషులెవరు? గ్రంథములు వ్రాసినవారు మాత్రమేనా? 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్తుడు ఆచారమునెదిరించి శవచ్ఛేదన చేసినపుడు, ఆ బల్లపైనున్న అనామక దేహము కూడ గురువే. నేటి ఉదాహరణ మొకటి కలదు. నోటి క్యాన్సరు తొలిదశలోనుండి, మెడలో బిళ్లలు తగులనపుడు, మొదటి శస్త్రచికిత్సలోనే మెడ గ్రంథులను కూడ తీయవలెనా, లేక అవి పైకి కనబడువరకు వేచియుండవలెనా యని వైద్యులు దశాబ్దములు వాదించిరి. బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలలో అనిల్ డిక్రూజ్, ఆయన సహచరులు రోగుల యంగీకారముతో వారిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగ విభజించి చికిత్సచేసి, 500 మంది వృత్తాంతమును 2015లో ప్రకటించిరి. ముందుగనే మెడ గ్రంథులను తీసినవారిలో నూటికి 80 మంది మూడేండ్లు జీవించిరి. వేచియుండినవారిలో నూటికి 67 లేక 68 మంది మాత్రమే. వాదము చాలవరకు తీరెను. కాని ఆ సమాధానమునకు మూల్య మిచ్చినదెవరు? తమకు ఏ చికిత్స వచ్చునో తెలియక, సరేయని వ్రేలిముద్ర వేసిన సామాన్యులు. దధీచి మహర్షి లోకరక్షణకై తన యెముకల నిచ్చెనని పురాణములు కొనియాడుచున్నవి. ఆ రోగులు తమ వ్యాధినే జ్ఞానముగ దానమిచ్చిరి. ఇది యెరిగిన వైద్యుడు అంగీకార పత్రమును రోగి ముందు త్రోసి సంతకము పెట్టుమనడు. ప్రక్క కూర్చుండి, రోగి యెరిగిన భాషలో, కాదనుటకు కూడ స్వాతంత్ర్యము గలదని తెలియజెప్పును. పట్టికలోని ప్రతి గడియు అతనికి ఒక దధీచి సమాధివలె పవిత్రమగును.

రెండవ అపాయమునకు ఔషధము సర్కార్ చూపిన సత్యనిష్ఠ. విర్షో యంతటివాడు కూడ చక్రవర్తి కండతునకలో క్యాన్సరును చూడలేకపోయెను. తప్పు శాస్త్రమునకు కళంకము కాదు. తప్పును దాచుటయే కళంకము. తాను కోరిన ఫలితము రాకపోయినను వచ్చినదానినే వ్రాయువాడు, తన శస్త్రచికిత్సలో కలిగిన ఉపద్రవమును దాచక చెప్పువాడు, ఎన్నడును చూడని భావికాలపు రోగికి ప్రాణము పోయుచున్నాడు. ఒక్క యంకెకు రంగు పూసినవాడు ఆ భావిరోగిని చేతులార గాయపరచుచున్నాడు. దేవాలయమున ప్రసాదమును కల్తీ చేయువానికిని, పరిశోధనా పట్టికను కల్తీ చేయువానికిని భేదములేదు.

మూడవదానికి ఔషధము నిష్కామకర్మ. డాక్టరు సర్కార్ తన చికిత్సలో విజయమందెనా? లోకపు లెక్కలో ఆయన పరాజితుడు. అయినను ఆ పరాజయము తెలిసియే ఆయన వచ్చుచుండెను. నయముచేయగల వ్యాధికి వచ్చువాడు వైద్యుడు. నయముచేయలేనని తెలిసినను వచ్చుచుండువాడు వైద్యనారాయణుడు. నేటి యువవైద్యుని చేతిలో నాడు లేని సాధనము లెన్నియో కలవు. తొలిదశలో వచ్చినవారిలో అనేకులు స్వస్థులగుచున్నారు. కాని ఆలస్యముగ వచ్చినవారికి అతడీయగలది కొన్నిసార్లు నొప్పి తగ్గించుటయు, గొట్టముద్వారా ఆహారమును చేర్చుటయు, చేయి పట్టుకొనుటయు మాత్రమే. అది తక్కువ పని కాదు. శారదాదేవి వడకట్టి యిచ్చిన జావ వ్యాధిని నయముచేయలేదు. కాని లోకమున అంతకన్న గొప్ప పూజ యేది?

ఆంధ్రదేశమునకును ఈ యజ్ఞమున భాగమున్నది. ఉత్తర కోస్తా పల్లెలలో, ముఖ్యముగ స్త్రీలలో, మండుచున్న కొసను నోటిలోపల నుంచుకొని చుట్ట త్రాగు అడ్డపొగ యలవాటు కలదు. దానివలన అంగిటికి క్యాన్సరు వచ్చుచున్నదని మన తెలుగు వైద్యులు 1957లోనే పత్రికాముఖమున ప్రకటించిరి. శ్రీకాకుళ ప్రాంతమున 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరిశీలించిన పరిశోధన 1971లో వెలువడెను. వైద్యుడు రోగికై వేచియుండక, దీపము చేతపట్టి యింటింట నోరు తెరపించి చూచుట! జీవుని వెదకికొని పోవు శివపూజ యన ఇదియే.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనమున రామకృష్ణ మిషనులో చేరి సన్న్యసింప గోరెను. తల్లి యంగీకరింపలేదు. అతడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. తన సోదరు లిద్దరిని స్ప్రూ వ్యాధి కొలదిదినముల వ్యవధిలో హరించిన దుఃఖము అతనిని జీవితాంతము నడిపించెను. అమెరికాలో అతని నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను. ఆ మార్గముననే క్యాన్సరు కణముల పెరుగుదలను అరికట్టు మందులు వెలువడెను. వానిలో మెథోట్రెక్సేటు ఒకటి; అది తల, మెడ క్యాన్సరు రోగులకు నేటికిని ఇయ్యబడుచున్నది. 1948లో అతడు గతించెను. కాషాయము ధరింపక పోయినను, గురుదేవుల కంఠమును హరించిన వ్యాధికి ఒక యౌషధమును సమకూర్చి యతడు తన సన్న్యాసమును మరియొక విధమున పూర్తిచేసెను. స్వకర్మచే భగవంతు నర్చించుమని గీతాచార్యుడు చెప్పినదానికి ఇంతకన్న వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

యువవైద్యుడు తన ధర్మమును నెరవేర్చుచుండగా ఇతరులకు ధర్మము లేదా? పొగాకు, గుట్కా, జర్దా, వక్క, మద్యము ఈ వ్యాధికి ముఖ్యకారణములు. పొగాకు కలియని వక్క కూడ క్యాన్సరు కారకమేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ నిర్ణయించినది. నోటిలో రెండు మూడు వారములైనను మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, తగ్గని బొంగురుగొంతు, మింగుటలో నొప్పి, మెడలో గడ్డ కనబడినపుడు వెంటనే వైద్యునకు చూపవలెను. ‘కత్తి తగిలిన వ్యాధి ప్రాకును’ అను అపనమ్మకముచే ఎందరో పరీక్షకు వెనుదీసి, నయమగు కాలమును జారవిడుచుకొనుచున్నారు. దైవమున్నాడుగదా యని జాగుచేయుట భక్తి కాదు. శ్రీరామకృష్ణులు అట్లు చేయలేదు. చికిత్సానంతరము చెంప కృశించి, మాట స్పష్టము కాని మనుష్యుడు పంక్తిలో కూర్చుండినపుడు ముఖము త్రిప్పుకొనకుండుట, అతని మాట పూర్తియగువరకు ఓపికతో వినుట, ఇది ప్రతి గృహస్థునకు సాధ్యమైన శివపూజ. నరేంద్రుడు త్రాగిన జావ పాత్రను ప్రతిదినము మన యెదుట ఎవరో ఒకరు ఉంచుచునే యున్నారు.

1886 ఆగస్టు 16వ తేదీ తొలిజామున, అర్ధరాత్రి దాటి గంటసేపైనపిదప, శ్రీరామకృష్ణులు కాశీపురమున మహాసమాధి నొందిరి. ఆ దినమున డాక్టరు సర్కార్ వచ్చి చూచి, ప్రాణము పోయినదని నిర్ణయించెను. ఛాయాచిత్రము తీయింపుడని చెప్పి, దాని వ్యయమునకు పది రూపాయలిచ్చి వెడలిపోయెనని చరిత్రకారులు వ్రాసిరి. అవతారమును అంగీకరింపని వైద్యుడు, నయము కాని రోగి, నెరవేరని చికిత్స: ఇంతటితో కథ ముగిసినట్లే కనబడును. కాని ఆ కంఠము మూగవోయిన పిమ్మటనే ఆ వాక్కు ఖండఖండాంతరముల వినబడెను. ఆ మంచముచుట్టు సేవచేసిన యువకులే సంఘమైరి. నేడు కలకత్తాలోగాని, విశాఖపట్టణములోగాని, హైదరాబాదులోగాని రాత్రివేళ ఒక రోగి గొంతుగొట్టమును శుభ్రముచేయుచు, తెల్లవారి సత్యమైన అంకెను పట్టికలో వ్రాయు అనామకుడైన యువవైద్యుడు కాశీపురపు తోటయింటనే సేవ చేయుచున్నాడు. తన యెదుటనున్నది వట్టి వ్యాధిపీడిత కంఠము కాదు. లోకమును కాపాడుటకై హాలాహలమును గళమున నిలుపుకొన్న నీలకంఠుడే యని అతడు గుర్తించుగాక! ఆ గుర్తింపుచే అతని కత్తి కరుణయగుగాక, అతని కలము సత్యమగుగాక!